పాఠం 9: పరికరాల సాయంతో విమానయానం – నగరాల మీద చిన్న ప్రయాణాలు

9.0 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
- మేఘాల్లో పైలట్ శరీరం ఎందుకు మోసపోతుందో వివరించగలుగుతారు.
- విమానంలోని ఆరు ముఖ్య పరికరాలను, వాటి పనులను చెప్పగలుగుతారు.
- రద్దీగా ఉండే నగరం మీద చిన్న ప్రయాణానికి ప్రత్యేక శిక్షణ ఎందుకు కావాలో తెలుసుకుంటారు.

9.1 ఉపోద్ఘాతం

విమానం నడపడానికి రెండు విధానాలు ఉన్నాయి. నేలను, ఆకాశపు అంచును కళ్లతో చూస్తూ నడపడం దృశ్య విధానం. బయట ఏమీ కనిపించకపోయినా పరికరాలను చూసి, నియంత్రకుల సూచనల ప్రకారం నడపడం పరికర విధానం. మొదటి విధానంలో శిక్షణ పొందినవారందరికీ రెండవది రాదు. దానికి వేరే శిక్షణ, వేరే పరీక్ష, వేరే అనుమతి ఉంటాయి.

1929 సెప్టెంబరు 24న అమెరికాలోని న్యూయార్క్ సమీపంలో జిమ్మీ డూలిటిల్ తన సీటు చుట్టూ పూర్తిగా కప్పివేయించుకున్నారు. బయటికి చూడకుండానే విమానాన్ని పైకి లేపి, నడిపి, కిందికి దించారు. జాగ్రత్త కోసం మరో పైలట్ వెంట ఉన్నారు. నేటి పరికర విధానానికి ఆ ప్రయోగం పునాది వేసింది.

9.2 శరీరం ఎందుకు మోసపోతుంది?

మీరు చిన్నప్పుడు ఒప్పులకుప్ప ఆడే ఉంటారు. గిరగిరా తిరిగి ఆగిన తర్వాత కూడా లోకమంతా తిరుగుతున్నట్లే అనిపిస్తుంది. దీనికి కారణం మన లోపలి చెవిలో ఉంది. అక్కడ ద్రవంతో నిండిన మూడు అర్ధవృత్తాకార నాళాలు ఉంటాయి. తల తిరిగినప్పుడు ద్రవం కాస్త వెనకబడుతుంది. ఆ తేడా వల్లనే మనం తిరుగుతున్నామని మెదడుకు తెలుస్తుంది.

విమానం ఒకే తీరుగా మలుపు తిరుగుతూ ఉంటే, కొన్ని సెకన్లకు ద్రవం కూడా నాళాలతో సమానంగా కదులుతుంది. అప్పుడు పైలట్‌కు తాను నేరుగా వెళుతున్నట్లు అనిపిస్తుంది. విమానాన్ని సరిచేస్తే, ఎదురు దిక్కుకు వాలినట్లు తోస్తుంది. శరీరాన్ని నమ్మినవారు మళ్లీ పాత మలుపులోకే వెళతారు. వాలిన విమానం ఎత్తు కోల్పోతుంది. దీనినే దిశాభ్రమ అంటారు. ఎంత అనుభవం ఉన్నవారికైనా ఇది కలుగుతుంది.

పాఠ్యగత ప్రశ్నలు 9.1
1. మలుపు కొనసాగుతున్నా అది పైలట్‌కు ఎందుకు తెలియదు?
2. దిశాభ్రమ అంటే ఏమిటి?

9.3 ఆరు పరికరాలు

1. వేగ సూచిక: గాలిలో విమానం వేగాన్ని చూపుతుంది.
2. వాలు సూచిక: రెక్కలు ఎటు వాలాయో, ముక్కు పైకి ఉందో కిందికి ఉందో చూపుతుంది.
3. ఎత్తు సూచిక: గాలి పీడనం ఆధారంగా ఎత్తును చూపుతుంది. ఆ ప్రాంతంలోని పీడనానికి తగినట్లు దీన్ని సరిచేసుకోవాలి.
4. మలుపు సూచిక: ఎంత వేగంగా మలుపు తిరుగుతోందో చూపుతుంది.
5. దిక్కు సూచిక: ముక్కు ఏ దిక్కుకు ఉందో చూపుతుంది.
6. ఎక్కుదల-దిగుదల సూచిక: నిమిషానికి ఎన్ని అడుగులు ఎక్కుతోందో, దిగుతోందో చూపుతుంది.

శిక్షణలో విద్యార్థి తలకు ఒక తొడుగు పెడతారు. దానితో పరికరాలు తప్ప బయటి దృశ్యం కనిపించదు. ఒకే పరికరాన్ని చూస్తూ ఉండిపోకుండా, కంటిని అన్నిటి మీదా వరుసగా తిప్పడం అలవాటు చేస్తారు. అమెరికాలో ఈ అర్హతకు సాధారణంగా 40 గంటల పరికర అనుభవం కావాలి. అర్హత వచ్చాక కూడా అభ్యాసం తప్పనిసరి. గడచిన 6 నెలల్లో కనీసం 6 సార్లు పరికరాల సాయంతో దిగే విధానాన్ని అభ్యసించి ఉండాలి.

9.4 చిన్న ప్రయాణం, పెద్ద పని

దూరం తక్కువైతే పని తక్కువని అనుకుంటాం. కానీ ఇక్కడ అలా కాదు. దూర ప్రయాణంలో దిగే విధానాన్ని చదువుకోవడానికి తీరిక దొరుకుతుంది. అరగంట ప్రయాణంలో ఆ తీరిక ఉండదు. ఎక్కడం పూర్తయ్యేలోపే దిగడానికి సిద్ధం కావాలి. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో బర్‌బ్యాంక్, వాన్ నైస్, లాంగ్ బీచ్ వంటి విమానాశ్రయాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. అందువల్ల రేడియో మాటిమాటికీ మార్చాలి. దిక్కు, ఎత్తు మార్చమనే ఆదేశాలు వెంట వెంటనే వస్తాయి.

కాబట్టి సగం పని నేల మీదే ముగించాలని నేర్పుతారు. బయలుదేరే ముందు నియంత్రకులు ఐదు విషయాలు చెబుతారు: ఎక్కడి వరకు అనుమతి, ఏ దారి, ఎంత ఎత్తు, ఏ రేడియో సంఖ్య, రాడార్‌కు ఏ గుర్తింపు సంఖ్య. వీటిని రాసుకుని తిరిగి చదివి వినిపించాలి. గాలిలో పని ఎక్కువైనప్పుడు మూడు పనులకు ఒక వరుస ఉంది. మొదట విమానాన్ని అదుపులో ఉంచాలి. తరువాత దారి చూసుకోవాలి. ఆ తరువాతే మాట్లాడాలి.

9.5 ఒక ఉదాహరణ

2020 జనవరి 26 ఉదయం లాస్ ఏంజెలెస్ దక్షిణాన ఉన్న జాన్ వేన్ విమానాశ్రయం నుంచి ఒక హెలికాప్టర్ కామరిల్లోకు బయలుదేరింది. అందులో బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు కోబీ బ్రయంట్, ఆయన కుమార్తెతో సహా తొమ్మిది మంది ఉన్నారు. మంచు, మబ్బు దట్టంగా ఉన్నాయి. పైలట్‌కు పరికర అర్హత ఉంది. కానీ నడిపే సంస్థకు దృశ్య విధానానికి మాత్రమే అనుమతి ఉంది. దారిలో నియంత్రకుల అనుమతి కోసం హెలికాప్టర్ కొంతసేపు గాలిలోనే చుట్టూ తిరుగుతూ వేచి ఉంది. తరువాత కొండల మధ్య మబ్బులోకి ప్రవేశించింది. 4,000 అడుగులకు ఎక్కుతున్నానని పైలట్ రేడియోలో చెప్పారు. కానీ అదే సమయంలో హెలికాప్టర్ ఎడమకు తిరుగుతూ కిందికి దిగుతోంది. కాలబాసస్ వద్ద కొండను ఢీకొని అందరూ మరణించారు.

జాతీయ రవాణా భద్రతా మండలి 2021లో తన నిర్ణయం ప్రకటించింది. దృశ్య విధానంలో వెళుతూ మబ్బులోకి సాగిపోవడం, దానివల్ల దిశాభ్రమ కలగడం కారణమని తేల్చింది. పైలట్ తనపై తాను తెచ్చుకున్న ఒత్తిడిని కూడా పేర్కొంది. చేతిలో అర్హత పత్రం ఉంటే చాలదు. వాతావరణం అనుమతించకపోతే వెనక్కి తిరగడం, దగ్గరలోని విమానాశ్రయంలో దిగిపోవడం కూడా శిక్షణలో భాగమే.

పాఠ్యగత ప్రశ్నలు 9.2
1. గాలిలో పని ఎక్కువైనప్పుడు పైలట్ మొదట ఏమి చేయాలి?
2. పై ఉదాహరణలో హెలికాప్టర్ అసలు కదలికకు, పైలట్ చెప్పిన మాటకు తేడా ఏమిటి?

9.6 మీరు ఏమి నేర్చుకున్నారు

- బయట ఏమీ కనిపించనప్పుడు శరీరాన్ని కాక పరికరాలను నమ్మాలి.
- చిన్న ప్రయాణంలో సమయం తక్కువ. కాబట్టి ముందస్తు సిద్ధత ఎక్కువ కావాలి.
- అర్హతతోపాటు నిత్యాభ్యాసం, వెనుదిరిగే వివేకం అవసరం.

9.7 ముగింపు ప్రశ్న

మీకు తెలిసిన ఏదైనా వృత్తిలో "దగ్గరే కదా" అనుకోవడం వల్ల వచ్చే ప్రమాదాన్ని పది వాక్యాల్లో రాయండి.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

9.1: 1. చెవిలోని ద్రవం నాళాలతో సమానంగా కదలడం వల్ల. 2. విమానం అసలు స్థితికి, శరీరానికి తోచే స్థితికి పొంతన లేకపోవడం.
9.2: 1. విమానాన్ని అదుపులో ఉంచాలి. 2. ఎక్కుతున్నానని చెప్పారు, కానీ హెలికాప్టర్ దిగుతోంది.