నావికుల ఆసుపత్రులు – లష్కర్ బంధం

మన సికింద్రాబాదుకు సముద్రం లేదు, ఓడరేవు లేదు. ఇట్టి నగరంలోని విద్యార్థులకు నావికుల ఆసుపత్రుల చరిత్రతో పని ఏమిటని కొందరు అడగవచ్చు. ఆ చరిత్రలోని ఒక పాయ మన బేగంపేట వరకు ప్రవహించిందని చూపడమే మా ఉద్దేశం.

వర్తక నౌకలలో పనిచేసేవాడు ఏ రేవులో జబ్బుపడినా పరదేశియే. అక్కడ అతనికి ఇల్లు లేదు, గుక్కెడు నీళ్లిచ్చే బంధువు లేడు. అతని వెంట అంటువ్యాధి వస్తుందేమోనని రేవు ప్రజలకు భయం. అయినా అతడు లేనిదే వర్తకం సాగదు. ఈ చిక్కు తీర్చడానికి 1798 జూలై 16న అమెరికా అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ ఒక చట్టంపై సంతకం చేశారు. ప్రతి నావికుని జీతం నుండి నెలకు 20 సెంట్లు మినహాయించి సుంకాధికారులు వసూలు చేసేవారు. ఆ నిధితో రేవులలో వైద్యం అందించారు, ఆసుపత్రులు నిర్మించారు. కనుక అది ఎవరో వేసిన భిక్ష కాదు, నావికుల కష్టార్జితం.

1870లో ఈ ఆసుపత్రులన్నీ ఒకే కేంద్ర పరిపాలన క్రిందికి వచ్చాయి. 1884లో జీతపు కోత రద్దయి, దాని స్థానంలో ఓడలపై పన్ను వచ్చింది. 1887లో స్టేటెన్ ద్వీపంలోని నావికుల ఆసుపత్రిలో, ఒక చిన్న గదిలో వెలసిన ప్రయోగశాలయే కాలక్రమాన అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థగా పెరిగింది. ఆసుపత్రులను మాత్రం 1981లో ప్రభుత్వం వదులుకున్నది.

ఇంగ్లండులో ఈ పనిని ప్రభుత్వం గాక, 1821లో చందాలతో ఏర్పడిన ఒక సంఘం చేపట్టింది. దాని ఆసుపత్రిలో సకల దేశాల నావికులకూ చోటుండేది. వారిలో మన దేశపు నావికులూ ఉండేవారు. వారిని 'లస్కర్లు' అనేవారు. సైన్యమని అర్థమిచ్చే 'లష్కర్' అనే పారశీక పదం నుండి పుట్టిన మాట అది. మన సికింద్రాబాదుకు ప్రజలు పెట్టుకున్న పేరూ లష్కరే కదా!

ఆ సంఘపు ఆసుపత్రి వైద్యుడైన పాట్రిక్ మాన్సన్ 1894లో రోనాల్డ్ రాస్‌కు రక్తంలోని మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినిలో చూపారు. దోమను పరిశీలించమని ప్రోత్సహించారు. మరుసటి ఏడు రాస్ సికింద్రాబాదుకు వచ్చారు. హుసేన్ ఖాన్ అనే రోగి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొని, తన రక్తాన్ని దోమలకు ఇచ్చాడు. 1897 ఆగస్టు 20న అట్టి ఒక దోమ పొట్ట గోడలో రాస్ మలేరియా క్రిమిని కనుగొన్నారు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

రాస్ పేరు లోకం ఎరుగును. హుసేన్ ఖాన్‌ను తలచేవారు అరుదు. లండను రేవులోని లస్కరూ, మన లష్కరులోని హుసేన్ ఖానూ వైద్యశాస్త్రానికి గురువులే. రేపు మన విద్యార్థులలో కొందరు వైద్యులు కావచ్చు, కొందరు ఆసుపత్రి గుమాస్తాలు కావచ్చు. తోడెవరూ లేని రోగి గుమ్మం ముందు నిలిచినప్పుడు, ఈ విద్య అంతా అట్టివాని ఋణమేనని వారు గుర్తుంచుకోవాలని మా కోరిక.