గీత పడిన లోహం - మరమ్మతు వివేకం

కారు లోపల డాష్‌బోర్డు మీద, గేరు రాడ్డు చుట్టూ, తలుపు పిడి వద్ద తళతళలాడే లోహపు పట్టీలు ఉంటాయి. తాళంచెవి, ఉంగరం వంటివి తగిలి వాటి మీద గీతలు పడటం సహజం. పాలిష్ పెట్టి రుద్దితే గీత పోతుందని పలువురి నమ్మకం. కాని రుద్దడమంటే గీతను పూడ్చడం కాదు. గీత ఎంత లోతున ఉన్నదో అంతవరకు చుట్టూ ఉన్న పదార్థాన్ని అరగదీయడం. అరగదీయడానికి అక్కడ ఎంత పదార్థం ఉన్నదన్నదే మొదటి ప్రశ్న.

ఈ పట్టీలు ముఖ్యంగా మూడు విధాలు. మొదటిది ఆనోడీకరణం చేసిన అల్యూమినియం. ఆమ్లద్రావణంలో అల్యూమినియంను ధనధ్రువంగా ఉంచి విద్యుత్తును ప్రవహింపజేస్తే దాని ఉపరితలం గట్టి ఆక్సైడు పొరగా మారుతుంది. సముద్రవిమానాల భాగాలను ఉప్పునీటి నుండి కాపాడటానికి 1923లో బ్రిటనులో ఈ పద్ధతిని వినియోగించారు. రంగు వేసిన పట్టీలలో ఆ రంగు ఈ పొర యొక్క సూక్ష్మరంధ్రాలలోనే నిలిచి ఉంటుంది. పొర అరిగితే రంగూ పోతుంది, రక్షణా పోతుంది.

రెండవది క్రోమియం పూత. కారు లోపల ఇది చాలాచోట్ల ప్లాస్టిక్ మీదనే ఉంటుంది. పైనున్న క్రోమియం మందం సాధారణంగా ఒక మైక్రాను కంటే, అనగా మిల్లీమీటరులో వెయ్యోవంతు కంటే తక్కువ. దీనిని రుద్దరాదు. సబ్బునీటితో తుడిచి మైనం పూయవచ్చును. గీత లోతైనదైతే పట్టీని మార్చడమే మార్గం.

మూడవది పూతలేని అల్యూమినియం లేదా స్టెయిన్‌లెస్ స్టీలు. నిజంగా మరమ్మతుకు లొంగేది ఇదే.

వీటిని గుర్తించడానికి ఒక సులభమైన పరీక్ష ఉన్నది. టార్చి సెల్లు, చిన్న బల్బు, రెండు తీగలు తీసుకొని, కనబడని మూల తీగల కొనలను పట్టీకి మెల్లగా తాకించాలి. బల్బు వెలగకపోతే పైన ఆక్సైడు పొరయో వార్నిషో ఉన్నదని గ్రహించాలి. వెలిగితే అది వట్టి లోహమో, క్రోమియం పూతయో అయి ఉంటుంది. అద్దంవలె మెరిసేది క్రోమియం కావచ్చును గనుక దాని జోలికి పోరాదు.

సన్నని సమాంతర రేఖలున్న వట్టి లోహమైతే పక్కభాగాలకు టేపు అంటించి, చదునైన చెక్కముక్కకు 600 నంబరు వాటర్ పేపరు చుట్టి, తడిచేసి, ఆ రేఖల దిశలోనే తేలికగా లాగాలి. గుండ్రంగా తిప్పితే గీత పోయినా మచ్చ మిగులుతుంది.

ఈ సూత్రానికి మన ప్రాంతంలోనే చక్కని ఉదాహరణ బిద్రీ పని. జింకు అధికంగా, రాగి కొద్దిగా గల మిశ్రమలోహం మీద వెండిని పొదిగి, బీదరు కోట మట్టి, నవాసాగరం కలిపిన ద్రావణంతో నలుపెక్కిస్తారు. వెండి తెల్లగానే నిలుస్తుంది. తెలియనివారు ఇత్తడి పాలిష్‌తో గట్టిగా రుద్దితే ఆ నలుపు చెరిగి, పనితనపు అందమే నశిస్తుంది.

మరమ్మతుకు వచ్చిన వస్తువు పనివాని చేతిలో అమానతు. చేతిపనిని జీవనోపాధిగా ఎన్నుకొనే విద్యార్థులు రుద్దడం కంటే ముందు పరీక్షించడం నేర్చుకోవాలి. చిన్న గీతతో ఉన్న వస్తువును తిరిగి ఇవ్వడం నష్టం కాదు. గీతతో పాటు దాని మేలిపొరను పోగొట్టి ఇవ్వడమే నష్టం.