ఒక భాషకు ధర్మకర్తలు

1994వ సంవత్సరమున పైథాన్ అను కంప్యూటరు భాషను వాడుకొనుచున్న అభిమాని యొకడు తన తోడివారికి ఒక వింత ప్రశ్న వేసెను. ఆ భాషను నిర్మించిన గీడో వాన్ రోసమ్ ఏ బస్సు క్రిందనో పడినచో పైథాన్ గతి యేమగును? ఇదియే ఆ ప్రశ్న. గీడోకు కీడు కోరి అతడు ఆ మాట యనలేదు. ఆ భాషను నమ్ముకొని పనిచేయువారి సంఖ్య నానాటికి పెరుగుచుండెను. దాని మంచిచెడ్డలు మాత్రము ఒక్క మనుష్యుని చేతిలో నుండెను. ఒంటి స్తంభముపై నిలిచిన యింటిలో కాపురముండువారికి ఇట్టి భయము కలుగుట సహజమే కదా!

కంప్యూటరు తనంత తాను ఏ పనియు చేయదు. చేయవలసిన పనిని వరుస తప్పక, సందేహమునకు తావులేక దానికి చెప్పవలెను. అట్లు చెప్పుటకు మనుష్యులు కల్పించుకొన్న భాషలే ప్రోగ్రామింగు భాషలు. గీడో నెదర్లాండ్సు దేశీయుడు. ఆమ్‌స్టర్‌డామ్ నగరములోని ఒక గణితశాస్త్ర పరిశోధనాలయమున ఉద్యోగము చేయుచుండెను. 1989 డిసెంబరులో క్రిస్మసు సెలవులకు కార్యాలయము మూసివేసిరి. ఊరక కూర్చుండనొల్లని గీడో ఇంటియొద్ద ఒక క్రొత్త భాషను వ్రాయ మొదలుపెట్టెను. క్రొత్తగా నేర్చువారి కొఱకు ఆ పరిశోధనాలయముననే అంతకుముందు 'ఏబీసీ' అను భాష పుట్టి, అంతగా వ్యాపింపకయే యుండెను. దాని సుగుణములు కొన్నిటిని గీడో తన భాషలోనికి తెచ్చుకొనెను. ఒక పనికి సంబంధించిన ఆజ్ఞలను, పద్దులపుస్తకములో ఉపపద్దులు వ్రాసినట్లు, కొంచెము లోపలికి జరిపి వ్రాయవలెననుట అట్టివానిలో నొకటి. చదువరికి అందముగ కనబడు ఆ అమరికయే యంత్రమునకు అర్థమగును. పైథాన్ అనగా కొండచిలువ. భాషకు ఆ పేరు పామును బట్టి రాలేదు. 'మాంటీ పైథాన్' అను బ్రిటిషు హాస్య నాటకబృందమును బట్టి వచ్చినది. అయినను నేడు దాని చిహ్నమున రెండు పాములే యున్నవి!

1991 ఫిబ్రవరిలో గీడో ఈ భాషను లోకమునకు విడుదల చేసెను. ప్రోగ్రామును మాత్రమే కాక, దానిని తాను వ్రాసిన మూలపాఠమును సైతము ఇచ్చివేసెను. ఎవరైనను దానిని చదువవచ్చును, దిద్దవచ్చును, ఇతరులకు పంచవచ్చును. ఇట్టి పద్ధతికే ఓపెన్ సోర్సు అని పేరు. పలుదేశముల వారు తప్పులను దిద్ది పంపసాగిరి.

ఇట్లు అందఱిదియైన వస్తువునకు ఒక చిక్కు కలదు. ఊరి చెరువు ఊరందఱిది. కాని గట్టు తెగినపుడు మన్ను మోయించువారెవరు? పూడిక తీయించువారెవరు? తూము తెఱచుటకు అధికారమెవరిది? ఊరందఱిది అను మాట ఈ ప్రశ్నలకు సమాధానము కాజాలదు. నీరటి యొకడు ఉండవలెను. అతడు చెరువునకు యజమానుడు కారాదు. పైథాన్‌కు ఈ చిక్కు 2000వ సంవత్సరమున నిజముగనే వచ్చిపడెను.

గీడో 1995లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున ఒక పరిశోధన సంస్థలో చేరెను. 2000లో తన సహచరులతో ఒక వ్యాపార సంస్థకు, కొలది నెలలకే మఱియొక సంస్థకు మారెను. మారిన ప్రతిచోటను అక్కడ వ్రాసిన భాగముపై ఆ సంస్థకు కాపీరైటు మిగులుచు వచ్చెను. వర్జీనియాలోని సంస్థ తన యొద్ద తయారైన 1.6 సంచికకు తానే ఒక క్రొత్త లైసెన్సు పత్రమును వ్రాసెను. అందు వర్జీనియా రాష్ట్ర చట్టమే ప్రమాణమని యొక నిబంధన. ఆ నిబంధన కారణముగ పైథాన్‌ను తమ లైసెన్సు గల ప్రోగ్రాములతో కలుపవీలులేదని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ వారు ఆక్షేపించిరి. ఒక భాష తన బలహీనత వలన గాక, కాగితములోని యొక వాక్యము వలన చీలిపోవు ప్రమాద మేర్పడెను. చర్చలు సాగిన పిమ్మట ఆ పత్రమును సవరించిరి. కాని ప్రతి ఉద్యోగపు మార్పునకును ఇట్లు పత్రములు దిద్దుకొనుచు ఎంతకాలము గడుపుట?

2001 మార్చి 6వ తేదీన కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ నగరమున జరిగిన పైథాన్ మహాసభలో పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అను సంస్థను ప్రకటించిరి. ఇది లాభాపేక్ష లేని సంస్థ. సభ్యులు ఎన్నుకొనిన డైరెక్టర్లు దీనిని నడపుదురు. 2.1 సంచిక మొదలు క్రొత్తగా చేరిన భాగమంతయు ఈ సంస్థ పేరనే నమోదగుచున్నది. నేటికిని పైథాన్‌తోపాటు వచ్చు లైసెన్సు పత్రమును తెఱచినచో ఆమ్‌స్టర్‌డామ్ మొదలు ఆ భాష తిరిగిన యిండ్ల పత్రములన్నియు ఒకదాని వెంట నొకటి కనబడును. పాత యింటి దస్తావేజుల కట్టవంటిది అది.

ఫౌండేషన్ చేయు పనులలో మిక్కిలి భారమైనది భాండాగారపు పోషణ. ఇతరులు వ్రాసి పంచుకొను ప్రోగ్రాముల కట్టలను ప్యాకేజీ లందురు. అట్టివి ఆరు లక్షలకు పైగా ఆ భాండాగారమున కలవు. ఎవరైనను వెల యీయక తీసికొనవచ్చును. వెల లేదనగా ఖర్చు లేదని కాదు. ఆ ఖర్చు మఱియొకరు భరించుచున్నారని మాత్రమే అర్థము. సంస్థ 2003 మొదలు అమెరికాలో పైకాన్ అను వార్షిక మహాసభను జరుపుచున్నది. పలుదేశములలోని సభలకును శిక్షణ తరగతులకును విరాళము లిచ్చుచున్నది. మన దేశమున పైకాన్ ఇండియా 2009లో బెంగుళూరున స్వచ్ఛంద సేవకుల పూనికతో మొదలై, 2018లోను 2023లోను హైదరాబాదున జరిగెను.

భాష పేరును కాపాడుటయు ఫౌండేషన్ పనియే. 2013లో బ్రిటనులోని ఒక కంపెనీ 'పైథాన్' అను పేరు ఐరోపాలో తన ట్రేడుమార్కుగా నమోదు కావలెనని కోరినది. అది నెగ్గినచో ఆ భాష తన పేరునే స్వేచ్ఛగా వాడుకొనజాలకుండెడిది. ఐరోపాలో ఈ పేరు ఎంతకాలముగా వాడుకలో నున్నదో సాక్ష్యము పంపుడని ఫౌండేషన్ వేడగా, వ్యాపారసంస్థలు తమ కాగితములపై లేఖలు వ్రాసి పంపినవి. ఒక నెల తిరుగునప్పటికి కంపెనీ తన దరఖాస్తును ఉపసంహరించుకొనెను.

ఆ బస్సు ఎన్నడును రాలేదు. అయినను 1994 నాటి ప్రశ్నకు 2018 జులైలో జవాబు చెప్పుకొనవలసి వచ్చినది. ఆజీవన దయామయ నియంత అని అందఱును నవ్వుటాలకు పిలుచుచుండిన గీడో, ఒక చిన్న వ్యాకరణ చిహ్నమును చేర్చు విషయమున చెలరేగిన తగవుతో విసిగి ఆ పదవిని వదలుకొనెను. వారసునైనను నియమింపలేదు, మీ పాలన మీరే నిర్ణయించుకొనుడనెను. నెలల తరబడి వాదించి, భాషను దిద్దువారు ఐదుగురు సభ్యుల మండలిని 2019 ఆరంభమున ఎన్నుకొనిరి. అందు ఒకడుగా గీడోయే ఎన్నికగుట వింతయే. భాషలో ఏ మార్పు జరుగవలెనో ఆ మండలి తేల్చును. ఆస్తియు ధనమును ఫౌండేషన్ చూచుకొనును. ఆస్తి అప్పటికే గీడోతో ముడిపడక వేఱుగ నుండుట చేతనే ఈ మార్పు కోర్టులకు పోక ముగిసినది.

2025లో వచ్చిన పరీక్ష వేఱు విధమైనది. భాండాగారమున దుర్మార్గులు హానికరములగు ప్యాకేజీలను చేర్చుట కలదు. అట్టివానిని కనబడిన పిదప తొలగించుట కాక, వచ్చిన ప్రతిదానిని ముందే పరీక్షించు సాధనములను నిర్మింపదలచి ఫౌండేషన్ అమెరికా ప్రభుత్వపు నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు దరఖాస్తు పెట్టెను. రెండేండ్లకు 15 లక్షల డాలర్లు ఇచ్చుటకు సిఫారసు లభించెను. సంస్థ సాలుసరి వ్యయము సుమారు 50 లక్షల డాలర్లు, ఉద్యోగులు పదునలుగురు. అంత పెద్ద గ్రాంటు దానికి మునుపెన్నడును రాలేదు. కాని గ్రాంటు షరతులలో ఒకటి అడ్డువచ్చెను. వైవిధ్యము, సమానత్వము, అందఱిని కలుపుకొనుట అనువానిని ప్రోత్సహించు కార్యక్రమములను వివక్షా నిషేధ చట్టములకు విరుద్ధముగ నడపబోమని సంస్థ మాట యీయవలెను. ఈ మాట గ్రాంటు పనికే కాక సంస్థ సమస్త కార్యములకు వర్తించును. తప్పినట్లు తోచినచో ఖర్చయిన సొమ్మును సైతము తిరిగి రాబట్టుకొనవచ్చును. వివిధ జాతులకు, దేశములకు చెందిన ప్రోగ్రామర్ల సముదాయమును పెంపొందించుట ఫౌండేషన్ తన ఆశయపత్రమున వ్రాసికొన్న మాట. డైరెక్టర్లు ఏకగ్రీవముగ దరఖాస్తును ఉపసంహరించుకొని, అక్టోబరులో ఆ సంగతిని ప్రకటించిరి.

వార్త తెలిసిన కొలదిదినములలో వందలమంది క్రొత్తగా సభ్యులైరి. లక్షన్నర డాలర్లకు పైగా విరాళములు వచ్చెను. అది వదలుకొన్న సొమ్ములో పదియవ వంతునకు కొంచెము మించినది.