‘ప్రసన్న’ శబ్దార్థ విచారము

మొన్న కార్తికమున ఒక దాత, గతించిన తన భార్య పేర అన్నదానము చేయింప భద్రాచలము వచ్చిరి. గోదావరి యొడ్డున ఆయన మనుమరాలు, “తాతయ్యా, సెరీన్ అంటే తెలుగులో ఏమిటి?” అని అడిగినది. ఆయన నా వంక చూచిరి. “ప్రసన్నము” అంటిని. “అనగా కలత లేనిదే కదా పంతులుగారూ? ఆ మాట నాకిక చెల్లదు” అనిరి. ఆనాడు నాకు సమాధానము తోచలేదు. ఇప్పుడు వ్రాయుచున్నాను.

సెరీన్ లాటిన్ భాషనుండి వచ్చినది. మొదట మబ్బు లేని ఆకాశమునకు విశేషణము. పిదప ముఖమునకు, మనస్సునకు, చోటునకు చెల్లినది. అల్లరి మాని కూర్చున్న పిల్లవానికి ఆ మాట వాడరు.

మన పదము నీటిది. ‘సద్’ ధాతువునకు కూర్చుండుట, దిగుట అని అర్థము. ‘ప్ర’ ముందు చేరి, ధాతువు దకారము, ప్రత్యయపు తకారము రెండును నకారములై ‘ప్రసన్న’ అయినది. అమరసింహుడు దీనిని వారివర్గమున చేర్చి, కలుషమును దీనికి ఎదురు నిలిపెను. బాలకాండ రెండవ సర్గమున వాల్మీకి తమసానది నీటిని సజ్జనుని మనస్సుతో పోల్చునపుడు వాడినదియు ఈ మాటయే. శాంతము వేరు. జ్వరము శమించును గాని ప్రసన్నము కాదు. (ఈ రెంటిని కలిపివేసిన శిష్యుని మా గురువుగారు పాఠము ముగియువరకు నిలువబెట్టెడివారు.)

1986 ఆగస్టులో ఇచ్చట గోదావరి 75.6 అడుగులకు పొంగినది. అంత వరద రాకున్నను ఏటేట ఎర్రనీరు వచ్చును. ఆ నీటిని కడవకెత్తి, కడవ లోపలి అంచున చిల్లగింజ అరగదీసి కదలింపక ఉంచినచో నీరు తేరును. బురద ఎక్కడికిని పోదు, అడుగున కూర్చుండును. ఆ కూర్చుండుటయే ‘సద్’ ధాతువు. కడవను కుదిపిన మరల పైకి వచ్చును; అంతమాత్రమున అది చెడిన నీరు కాదు. దుఃఖమునుండి తేరుకొనుట అని మనవారనునదియు ఈ నీటి మాటయే. చిల్లగింజ పేరు పలికినంతనే నీరు తేరదని మనుస్మృతి ఆరవ అధ్యాయము చెప్పుచున్నది; అరగదీయవలెను.

ప్రసాద శబ్దమునకును ఇదియే ధాతువు. గీత రెండవ అధ్యాయమున ప్రసాదమనగా మనస్సు తేరుటయే. దొన్నెలోని పులిహోరకు ఆ పేరు తరువాతిది.

ఆనాడు ఆ దాత పంక్తి చివరివరకు తామే వడ్డించిరి. మనుమరాలు నీళ్లు పోసినది.