స్నాప్‌షాట్ల జాబితా అడిగితే ప్రాసెసర్‌కు ఎందుకంత శ్రమ?



ఇది కంప్యూటర్ యుగం. మన హాస్టల్ నుండి వెళ్ళినవారిలో కొందరైనా రేపు సర్వర్లు చూసుకునే ఉద్యోగాల్లో చేరతారు. అక్కడ ఎదురయ్యే ఒక సమస్యను, దాని కారణం కనుక్కునే పద్ధతిని తెలుసుకుందాం.

స్నాప్‌షాట్ అంటే ఏమిటి?

డిస్కు మీద ఫైళ్ళను క్రమంగా అమర్చే ఏర్పాటును ఫైల్ సిస్టమ్ అంటారు. జెడ్ఎఫ్ఎస్ అలాంటిదే. సన్ మైక్రోసిస్టమ్స్ దీని తయారీని 2001లో మొదలుపెట్టి, 2005లో ఓపెన్ సొలారిస్ ద్వారా సోర్సు కోడ్‌ను విడుదల చేసింది. నేడు ఓపెన్ జెడ్ఎఫ్ఎస్ పేరుతో లినక్స్, ఫ్రీబీఎస్‌డీలలో పనిచేస్తోంది.

ఒక క్షణంలో ఫైళ్ళు ఎలా ఉన్నాయో అలాగే నిలిపి ఉంచడమే స్నాప్‌షాట్. మారిన సమాచారాన్ని కొత్త చోట రాస్తారు కనుక పాతది చెదరదు. పొరపాటున ఫైలు చెరిపేసినా తిరిగి తెచ్చుకోవచ్చు. తీయడం తేలిక కాబట్టి ఇవి త్వరగా పెరిగిపోతాయి. 20 ఫైల్ సిస్టమ్‌లకు గంటకొకటి తీసి 30 రోజులు ఉంచితే 14,400 అవుతాయి!

సమస్య ఎక్కడ?

అన్ని స్నాప్‌షాట్ల జాబితా అడిగితే ఒక్కోసారి జవాబు ఆలస్యమవుతుంది, ప్రాసెసర్ వాడకం పెరుగుతుంది. ఎందుకు? వార్డెన్ గారు పేర్లు మాత్రమే పిలిస్తే హాజరు పది నిమిషాల్లో అయిపోతుంది. ప్రతి విద్యార్థి ట్రంకుపెట్టె తెరిచి సామాను కూడా లెక్కపెట్టాలంటే? రాత్రి భోజనం వేళ దాటిపోతుంది. మామూలు జాబితా ఆదేశం ఈ రెండో పనే చేస్తుంది. పేరుతో పాటు ఒక్కో స్నాప్‌షాట్ ఎంత చోటు వాడుతోంది వంటి వివరాలన్నీ తెచ్చి, వరుసలో పేర్చి చూపిస్తుంది.

కారణం కనుక్కునే మెట్లు

1. ‘టాప్’ ఆదేశంతో చూడండి. ‘యుఎస్’ ఎక్కువగా ఉంటే ప్రోగ్రామే లెక్కల్లో మునిగి ఉంది. ‘ఎస్‌వై’ ఎక్కువైతే కెర్నెల్ పని చేస్తోంది. ‘డబ్ల్యుఎ’ ఎక్కువైతే అది ప్రాసెసర్ శ్రమ కాదు, డిస్కు కోసం ఎదురుచూపు.

2. స్నాప్‌షాట్లు ఎన్ని ఉన్నాయో లెక్కించండి.

3. ‘టైమ్’ ఆదేశంతో రెండు జాబితాలను పోల్చండి: ఒకటి మామూలుది, రెండవది ‘-ఓ నేమ్ -ఎస్ నేమ్’ అని పేర్లు మాత్రమే అడిగేది. రెండవది చాలా త్వరగా ముగిస్తే, భారం వివరాలు తేవడంలోనే ఉందని అర్థం. మొదటిసారి చదివినది మెమరీలో నిలిచి రెండోసారి త్వరగా వస్తుంది కాబట్టి, ఒక్కొక్కటి రెండుసార్లు నడిపి చూడాలి.

4. ‘పీఎస్’ ఆదేశంతో ఇదే జాబితాను ఎందరు అడుగుతున్నారో చూడండి. నిమిషానికొకసారి నడిచే స్క్రిప్టుకు నిమిషం కంటే ఎక్కువ పడితే, మొదటిది ముగియక ముందే రెండవది మొదలై, ఒకదానిపై ఒకటి పేరుకుపోతాయి.

నివారణ

పేర్లు చాలినప్పుడు పేర్లే అడగాలి. కావలసిన ఒక్క ఫైల్ సిస్టమ్‌కే పరిమితం కావాలి. స్క్రిప్టుల మధ్య వ్యవధి పెంచాలి. ఎన్ని రోజులవి ఉంచాలో ముందే నియమం పెట్టుకోవాలి.

ముఖ్యమైన హెచ్చరిక: ప్రాసెసర్ వేడెక్కిందని కంగారుపడి స్నాప్‌షాట్లన్నీ తుడిచేయకూడదు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా? తుడిచిన స్నాప్‌షాట్ మళ్ళీ రాదు. ఎవరి జీతాల పట్టికో, ఎవరి మార్కుల జాబితానో దానిలోనే మిగిలి ఉండవచ్చు. తీసివేయక తప్పనప్పుడు ‘డిస్ట్రాయ్’ ఆదేశానికి ముందుగా ‘-ఎన్‌వి’ జోడించి నడపండి. ఏవి పోతాయో, ఎంత చోటు మిగులుతుందో చూపుతుందే గాని దేనినీ తుడవదు.

మిత్రులారా! వైద్యుడు నాడి చూడనిదే మందు ఇవ్వడు. కంప్యూటర్ విషయంలోనూ అంతే. ముందు కొలవండి, తరువాత పోల్చండి, ఆపైనే చెయ్యి వేయండి.