పటింగ్ : వేగము – దారి

గోలీలాటలో గుంట అంచును తాకి దాటిపోయే గోలీ జంగారెడ్డిగూడెం బాలురకు క్రొత్త కాదు. 1884లో విశాఖపట్నంలో ఈస్ట్ పాయింట్ క్లబ్బుతో వేళ్ళూనిన గోల్ఫ్ క్రీడలోనూ చిక్కు అదే. రెండువందల గజాల దెబ్బ ఒకటే లెక్క. జానెడు దెబ్బా ఒకటే లెక్క! 72 దెబ్బల మైదానంలో 36 పటింగుకే కేటాయింపు.

గుంట చుట్టూ పొట్టిగా కత్తిరించిన పచ్చిక 'గ్రీన్'. అక్కడ బంతిని నేలబారున దొర్లించే కర్ర 'పటర్'. వాలు వల్ల బంతి దారిలో కలిగే వంపు 'బ్రేక్'.

గుంట వ్యాసం 108 మిల్లీమీటర్లు. అయినా వేగంగా వచ్చిన బంతి అంచు మీదుగా దూకిపోతుంది. మెల్లనిది అంచున తగిలినా లోనికి జారుతుంది. కాని దానిని వాలు ఎక్కువగా లాగుతుంది. కనుక వేగం నిశ్చయించుకొనక దారి చూడడం వ్యర్థం. మణికట్టు కదల్చక, భుజాలతో కర్రను లోలకం వలె ఊపాలి.