పచ్చికను కాచుకొన్న పల్లె

ఈ నెల మేము పరిచయము చేయు గ్రామము టోర్బెల్. ఇది స్విట్జర్లండులో, ఆల్ప్స్ పర్వతముల నడుమ సుమారు 1,500 మీటర్ల ఎత్తున కలదు. అచట వాన తక్కువ. ఏటవాలు పొలములకు కాలువల నీరే ఆధారము. పశువులు శీతకాలమున కొట్టములలో ఎండుగడ్డి తిని, వేసవిలో కొండమీది ఉమ్మడి బీళ్లలో మేయును.

ఎవరికి తోచినన్ని పశువులను వారు తోలినచో ఆ పచ్చిక ఎన్నాళ్లు నిలుచును? అందుచే గ్రామస్థులు బీళ్లు, అడవుల రక్షణకై 1483లోనే ఒడంబడిక వ్రాసికొనిరి. చలికాలమున ఎన్ని ఆవులను పోషింపగలరో, వేసవిలో అంతకు మించి కొండకు తోలరాదని 1517లో కట్టడి చేసిరి. మీరినవారికి జరిమానా, అందు సగము వసూలు చేసిన గ్రామాధికారికే చెందెడిది.

ఆ బీళ్లు శతాబ్దములు చెడక నిలిచినవి. 2009లో నోబెల్ బహుమతి పొందిన ఎలినార్ ఆస్ట్రమ్ తమ గ్రంథమున ఈ గ్రామమును ఉదాహరించిరి. అందరికీ తెలిసిన కొలత, దానిని అమలుపరచు మనిషి: ఈ రెండును ఉన్నచోటనే ఉమ్మడి సొత్తు నిలుచునని పంచాయతీ సభ్యులు గ్రహింతురు గాక.